మూడో రాబిన్ ఎందుకు నిలబడ్డాడంటే

పాత హీరోల వేషం అందుకున్న కామిక్స్ వారసుల మీద మీరు రాసిన జాబితాలో, బ్యాట్‌మన్ పక్కన తోడుండే రాబిన్ వేషం కట్టిన మూడోవాడు టిమ్ డ్రేక్‌ని మెచ్చుకుని, రెండోవాడు జేసన్ టాడ్‌ని ఒక్క వాక్యంలో తేల్చేశారు. జేసన్ దగ్గర ఏం బెడిసికొట్టిందో చూడకుండా టిమ్ పనితనం తెలియదండీ.

1983లో వచ్చిన జేసన్‌ది అచ్చం మొదటి రాబిన్ డిక్ గ్రేసన్ కథే. అదే సర్కస్ కుటుంబం, అలాగే అమ్మానాన్నల హత్య. 1987లో అది చెరిపేసి, బ్యాట్‌మొబైల్ టైర్లు ఊడదీసుకుపోయే వీధి కుర్రాడిగా మార్చారు. ఆ సన్నివేశం మాత్రం భలే ఉంటుంది! కానీ తర్వాత కోపిష్టిగానే రాసుకుంటూ పోయారు. 1988లో అతన్ని చంపాలా వద్దా అని పాఠకులకి ఫోన్ ఓటింగ్ పెట్టారు, కాల్‌కి 50 సెంట్లు. చంపేయమని 5,343, బతకనివ్వమని 5,271. 72 కాల్స్ తేడాతో చంపేశారు.

1989లో టిమ్‌తో ఈ తప్పులన్నీ దిద్దుకున్నారు. చిన్నప్పుడు సర్కస్‌లో డిక్ గాల్లో వేసిన నాలుగు పల్టీలే, టీవీలో రాబిన్ వేస్తుంటే గుర్తుపట్టి, రాబిన్ డిక్కేనన్న గుట్టు కనిపెడతాడు. అయినా ఆ వేషం తనకివ్వమని అడగడు. మళ్లీ రాబిన్‌గా రమ్మని డిక్‌నే బతిమాలతాడు. ఆయన ఒప్పుకోకపోతేనే, బ్యాట్‌మన్ ఆపదలో ఉన్నప్పుడు తను తొడుక్కుంటాడు. పాత రాబిన్‌ని అంతగా గౌరవించేవాణ్ని పాఠకుడు కాదనలేడు. పైగా 1990లో కొత్త దుస్తులు, నిండు ప్యాంటుతో! ఆ పాత కురచ నిక్కరు పీడ అప్పటికి వదిలింది.

మీ జాబితాలో ఫ్లాష్ వేషం అందుకున్న వాలీ వెస్ట్ లేకపోవడం మాత్రం అన్యాయం.