పసుపు సంచిలో ఏం వేస్తున్నారు?

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో దవాఖానలు వరసగా ఉన్న వీధుల్లో ఏదో ఒక సందు వెనక్కి వెళితే ఇప్పటికీ అప్పుడప్పుడు కనిపించే దృశ్యమే. గోడ వారన నల్లటి బూడిద. అందులో సగం కరిగి ముద్దయిన సెలైన్ గొట్టం, మాడిన దూది, మూత కూడా ఊడని మందు సీసా. పుల్లతో కదిపితే సూది మొన తళుక్కుమంటుంది. ప్లాస్టిక్ కరిగిపోయింది, సూది మాత్రం అట్లాగే ఉంది. ఇదేమిటని అడిగితే వచ్చే జవాబు ఒకటే: కాలబెట్టేసినం సార్, ఇంకేం భయం లేదు.

ఆ ‘భయం లేదు’ అన్న మాట మీదే మా పేచీ.

కాలబెట్టడం వేరు, ఇన్సినరేటర్‌లో దహనం చేయడం వేరు. ఇన్సినరేటర్‌కు రెండు గదులుంటాయి. మొదటి గదిలో వేడి 800 డిగ్రీలకు అటూ ఇటూ ఉండాలి, అక్కడ వ్యర్థం కాలుతుంది. అందులోంచి లేచిన పొగ రెండో గదిలోకి పోయి 1050 డిగ్రీల దగ్గర కనీసం 2 సెకన్లు ఉండాలి. ఆ పొగను శుభ్రం చేశాకే 30 మీటర్ల పొగ గొట్టం పైనుంచి వదలాలి. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల (దవాఖాన చెత్త) నిబంధనలు చెప్పే లెక్క ఇది. ఆ రెండు సెకన్లకు ఇంత పట్టింపు ఎందుకంటే, క్లోరిన్ ఉన్న పీవీసీ ప్లాస్టిక్ అరకొరగా కాలితే డయాక్సిన్లనే విష రసాయనాలు పుడతాయి. గొట్టంలోంచి వచ్చే ప్రతి ఘనపు మీటరు గాలిలో అవి 0.1 నానోగ్రామును మించకూడదు. అంటే ఒక గ్రాములో వెయ్యి కోట్లవ వంతు. గోడ వారన కిరోసిన్ పోసి అంటించిన కుప్పకు ఏ మీటరు పెట్టి కొలుస్తారు?

డయాక్సిన్ ముక్కు మూసుకుంటే తప్పించుకునేది కాదు. అది గడ్డి మీద పడుతుంది, గడ్డి బర్రె కడుపులోకి పోతుంది, బర్రె నుంచి పాల వెన్నలోకి చేరుతుంది. మనిషి ఒంట్లోకి చేరే డయాక్సిన్‌లో 90 శాతానికి పైగా తిండి ద్వారా వచ్చేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కంటికి కనిపించనిది నీళ్లలో ఉండి ఎముకలను ఎట్లా వంచేస్తుందో ఫ్లోరైడ్ చూసిన నల్లగొండకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

అట్లాగని దవాఖాన చెత్త సంచులన్నీ ఇన్సినరేటర్‌కు పంపితే పని అయిపోయినట్టు కాదు. ఏ చెత్త ఏ రంగు సంచిలోకి పోవాలో ముందే వేరు చేయాలి. బట్టీ ఎంత మంచిదైనా దానికి మేత వేసేది వార్డులోని సిస్టర్, ఆయమ్మ. పసుపు సంచిలోకి పోవాల్సినవి రక్తం అంటిన దూది, కట్లు, కాన్పు తర్వాతి మాయ, కోసి తీసిన అవయవాలు, గడువు తీరిన మందులు. ఇవే కాలాలి. సెలైన్ గొట్టాలు, సూది తీసేసిన సిరంజిలు, గ్లవ్స్ ఎర్ర సంచిలోకి. వాటిని ఆవిరి వేడితో శుద్ధి చేసి ముక్కలు చేయాలి తప్ప కాల్చకూడదు. సూదులు, బ్లేడ్లు గుచ్చుకుపోని తెల్లడబ్బాలోకి, గాజు నీలం డబ్బాలోకి. పని ఒత్తిడిలో ఎర్ర సంచి నిండిందని గొట్టాన్ని పసుపు సంచిలో పడేస్తే, ఆ ప్లాస్టిక్ నేరుగా బట్టీలోకే పోతుంది. పొగ మంచిదా చెడ్డదా అన్నది సగానికి సగం ఆ బకెట్ దగ్గరే తేలిపోతుంది.

ముక్కలు చేయాలనడం చాదస్తం కాదు. 2009లో గుజరాత్‌లోని మోడాసా ప్రాంతంలో వాడిన సిరంజిలనే మళ్లీ వాడటంతో కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బి పాకి పదుల మంది చనిపోయారు. సిరంజి చెక్కు చెదరకుండా గేటు దాటిందంటే దాన్ని కడిగి అమ్ముకునేవాడు ఎక్కడో ఒకచోట ఉంటాడు.

దవాఖాన చెత్తలో దాదాపు 85 శాతం మామూలు చెత్తే. అన్నం పొట్లాలు, కాగితాలు, అట్టపెట్టెలు. ప్రమాదం ఉన్నది మిగతా 15 శాతంలోనే. రెండూ కలిశాయా, వందకు వందా ప్రమాదమే అవుతుంది. తూకం పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. అద్దాల రిసెప్షన్‌కు లక్షలు పోసే యాజమాన్యాలు నాలుగు రంగుల సంచుల దగ్గర మాత్రం పైసా పైసా లెక్క చూస్తాయి.

ఈ జిల్లాల్లో పడకలు పెరుగుతున్నాయి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఆ తర్వాత గద్వాల, నారాయణపేటలకూ వచ్చాయి. సంతోషమే. కానీ పడకతో పాటు చెత్తా పెరుగుతుంది. శుద్ధి చేయని వ్యర్థాన్ని 48 గంటలకు మించి ఉంచొద్దన్నది నిబంధన. జిల్లా కేంద్రానికి ఆ చెత్త తీసుకుపోయే బండి రావడం సులువే. అమ్రాబాద్‌కు, దేవరకొండ తండాల వైపున్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు కూడా అదే 48 గంటలు వర్తిస్తాయి కదా? 75 కిలోమీటర్ల లోపు, చాలా దవాఖానల చెత్తను ఒకేచోట శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం అందుబాటులో ఉంటే దవాఖాన సొంతంగా బట్టీ పెట్టుకోకూడదు. కాబట్టి బండి రాకపోతే సిబ్బంది చేతులు కట్టేసినట్టే.

ఏ కేంద్రమూ అందని మారుమూల ప్రాంతాల్లో గోతిలో పూడ్చేందుకు నిబంధనలు ఒప్పుకుంటాయి. రెండు మీటర్ల లోతు తవ్వి, సగం వరకు నింపి, సున్నం పోసి, మట్టి కప్పాలి. గోతి అడుగు నుంచి భూగర్భ జలం కనీసం 6 మీటర్ల కింద ఉండాలి. మెట్ట భూముల్లో అది కుదరొచ్చు. సాగర్ ఎడమ కాలువ కింద, నీళ్లు వదిలితే బావులు పైకొచ్చే మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ఆయకట్టులో ఎట్లా కుదురుతుంది? అక్కడ గోతిని నమ్ముకోకుండా బండినే నడపాలి.

పడకలు లేని క్లినిక్కులు, ల్యాబులు, పశువుల దవాఖానలు, రక్తదాన శిబిరాలు, ఆఖరికి బడిలోని ప్రథమ చికిత్స గది కూడా ఈ నిబంధనల కిందికే వస్తాయి. ఊళ్లో ఇంజెక్షన్ వేసే ఆర్‌ఎంపీ వాడిన సూది మోరీలోకి పోతోందంటే, దాన్ని ఇచ్చిరావడానికి దగ్గర్లో చోటు లేకపోవడమూ ఒక కారణం. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సూదుల డబ్బా పెట్టి, ఎవరు తెచ్చినా ఎదురు ప్రశ్నలు వేయకుండా తీసుకోవాలని మేము కోరుతున్నాం. ఇంట్లో ఇన్సులిన్ వేసుకునేవాళ్లకూ అది పనికొస్తుంది. ఇవాళ ఆ సూదులు కూరగాయల తొక్కలతో కలిసి మున్సిపాలిటీ చెత్త బండిలోకే పోతున్నాయి.

శుద్ధి కేంద్రాల పొగ గొట్టం మీటర్లు చూపే అంకెలు కాలుష్య నియంత్రణ మండలికి చేరితే చాలదు. ఆ గొట్టం పక్కన ఉండే ఊరి పంచాయతీ ఆఫీసు గోడ మీదా రోజూ కనిపించాలి. పొగ పీల్చేది వాళ్లే.

తనిఖీకి వచ్చే అధికారులు ముందుగా రిజిస్టర్ అడుగుతారు. రిజిస్టర్ ఎప్పుడూ బాగానే ఉంటుంది. ఈసారి ముందు ఆయమ్మను పిలిపించాలి. వైరస్ ఉన్న రోగికి గుచ్చిన సూది గుచ్చుకుంటే, టీకా వేసుకోనివారికి హెపటైటిస్-బి సోకే ముప్పు 30 శాతం దాకా ఉంటుంది. చెత్త ముట్టుకునే ప్రతి ఒక్కరికీ ఆ టీకా వేయించాల్సింది యాజమాన్యమే. ఆరు నెలల్లో మూడు డోసులు. కాంట్రాక్టు ఏజెన్సీ మారగానే మనుషులూ మారిపోతారు, మొదటి డోసు దగ్గరే లెక్క ఆగిపోతుంది. కొత్తగా చేరిన ఆయమ్మకు ఎన్ని డోసులు పడ్డాయి, ఆమె చేతికున్నది మందపాటి గ్లవ్సా, డాక్టరు వాడి పడేసిన పల్చటి గ్లవ్సా? ఆ రెండూ చూశాక రిజిస్టర్ తెరవొచ్చు.