నలుగురు కుర్రాళ్ళుంటే పియానో కదిలిపోతుందా?

అమెరికాలో తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా చాలాకాలంగా తిరుగుతోంది. దాని సారాంశం ఇది: ఎవరైనా పియానో ఉచితంగా ఇస్తామంటే వదులుకోవద్దు. మూవర్స్‌కి వందల డాలర్లు పెట్టడం దండగ. దానికి చక్రాలుంటాయి, తోసుకుపోవచ్చు. నలుగురు గట్టి కుర్రాళ్ళు, ఒక అద్దె ట్రక్కు ఉంటే బీరువా మోసినట్టే. ట్రక్కులో పడుకోబెడితే కదలదు. ఇంటికి రాగానే ట్యూనింగ్ చేయించుకుంటే సరి.

పిల్లలు పియానో నేర్చుకుంటున్న ఇళ్ళలో దీన్ని నమ్మి శనివారం పొద్దున్నే స్నేహితులను పిలిచేవాళ్ళున్నారు. ఇందులో ప్రతి మాటలోనూ ఏదో ఒక పొరపాటుంది. కొన్నయితే మనుషుల నడుములు విరగ్గొట్టేవి.

ముందు చక్రాల సంగతి. గోడవారగా పెట్టుకునే అప్‌రైట్ పియానో కింది చిన్న చక్రాలు గదిలో కాస్త అటూ ఇటూ జరుపుకోవడానికే పనికొస్తాయి. చాలా మోడళ్ళలో ముందు చక్రాలు సన్నటి కాళ్ళ కింద ఉంటాయి. పక్కనుంచి దెబ్బ తగిలితే ఆ కాళ్ళు ఆగవు. తెలిసినవాళ్ళ గరాజ్‌లో నా కళ్ళముందే జరిగింది. గడప మీది అల్యూమినియం పట్టీకి ముందు చక్రం తట్టుకుంది. ఆ చివర తోస్తున్నవాళ్ళకు అది కనబడదు కదా, ఇంకాస్త బలంగా తోశారు. కాలు పటుక్కున విరిగి, పియానో కీబోర్డు వైపు ఒరిగింది. పక్కనున్నాయన చెయ్యి లాగేసుకున్నాడు కాబట్టి వేళ్ళు దక్కాయి. పియానో కింద నడిమధ్యన నాలుగు చక్రాల డాలీ (బరువులు మోసే చక్రాల పలక) పెట్టి, దాని మీదే కదపాలి.

ఇక బీరువా పోలిక. బీరువాను ఖాళీ చేసి మోస్తాం. పియానోలో ఖాళీ చేయడానికి ఏముంది? లోపల సుమారు 230 తీగలు, అన్నీ కలిపి 18 టన్నుల దాకా లాగుతుంటాయి. ఆ లాగుడు తట్టుకోవడానికే పోత ఇనుప చట్రం. అప్‌రైట్‌లో అది వెనకవైపు ఉంటుంది కాబట్టి బరువంతా పైనా వెనకా పడుతుంది, కాస్త వంచితే చాలు, వెనక్కి తూలుతుంది. అప్‌రైట్‌లలో అన్నిటికన్నా పొట్టిదైన స్పినెట్ 130, 150 కిలోలుంటే, పాతకాలపు పెద్ద అప్‌రైట్‌లు 300 కిలోలు దాటుతాయి. ఉచితంగా దొరికేవాటిలో ఈ పాతవి చాలా ఉంటాయి. 1909 ఒక్క ఏడాదే అమెరికాలో 3 లక్షల 60 వేలకు పైగా పియానోలు తయారయ్యాయి మరి.

300 కిలోలను నలుగురికి పంచితే తలా 75 అని లెక్క కడతారు. గుమ్మంలో నలుగురు ఎలా పడతారు? ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. మెట్ల మీద ఇంకా దారుణం, బరువులో ఎక్కువ భాగం కింద ఉన్నవాడి మీదే పడుతుంది, అతనికి పక్కకు తప్పుకునే చోటుండదు. అందుకే మెట్లుంటే నా మాట ఒక్కటే, పియానో మూవర్స్‌నే పిలవండి. స్నేహం కొద్దీ వచ్చినవాడి వెన్నుపూసకు దెబ్బ తగిలితే, ఈ దేశంలో ఆసుపత్రి బిల్లు ముందు మిగిలిన ఆ కొన్ని వందలు ఏపాటివి?

పడుకోబెట్టడం కూడా వద్దు. పియానోను వెనక్కి వాల్చేటప్పుడు ఒక చోట దాటాక బరువు చేతుల్లో ఆగదు. పియానోలు బాగుచేసే టెక్నీషియన్లు వాలుస్తారు, కానీ వాళ్ళ దగ్గర అందుకోసమే చేసిన బండి ఉంటుంది. ట్రక్కులో అప్‌రైట్‌ను నిలబెట్టే, క్యాబిన్ వైపు గోడకు ఆనించి పట్టీలతో బిగించాలి. తీగలు అడ్డంగా పరుచుకుని ఉండే పెద్ద గ్రాండ్ పియానో పద్ధతి వేరు: పెడళ్ళు, కాళ్ళు విప్పి, తిన్నగా ఉండే పక్క మీద చెక్క పలకపై నిలబెట్టాలి. అది ఇంట్లోవాళ్ళు చేసే పని కాదు.

మరి స్నేహితులతో అసలు కుదరదా? కుదురుతుంది. చిన్న పియానో, రెండిళ్ళలోనూ నేల అంతస్తు, మహా అయితే ఒకటి రెండు మెట్లు ఉంటే చాలు. గుమ్మాలు, మలుపులు ముందే కొలవండి. కీబోర్డు మూత తెరుచుకోకుండా కట్టి, దుప్పట్లు చుట్టి, ఆ దుప్పట్ల మీదే టేపు వేయండి. ర్యాంపు ఉన్న ట్రక్కే తీసుకోండి. ట్రక్కులు అద్దెకిచ్చే యూహాల్ కంపెనీ 10 అడుగుల ట్రక్కుకు ర్యాంపు ఉండదు. ఎత్తమనేది, దించమనేది ఒక్కరే చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, పియానో జారితే ఎవరూ అడ్డం పడొద్దు, వదిలేయాలి. ఈ మాట మొదలుపెట్టేముందే అందరితో అనిపించండి.

ఉచితమని సంబరపడేముందు టెక్నీషియన్‌కు చూపించడం మేలు. తీగలను బిగించి పట్టే ట్యూనింగ్ పిన్నులు వదులైపోయిన పియానో శ్రుతి నిలవదు, దాన్ని తెచ్చుకుంటే మళ్ళీ పారేయడానికీ డబ్బు పెట్టాలి.

ట్యూనింగ్ రాగానే చేయించడం కూడా తొందరపాటే. శ్రుతి తప్పడానికి కుదుపుల కన్నా గాలిలో తేమ మారడమే పెద్ద కారణం. తేమకు సౌండ్‌బోర్డు (తీగల మోతను పెద్దది చేసే పలక) చెక్క ఉబ్బితే తీగలు బిగుసుకుని శ్రుతి పెరుగుతుంది, చలికాలం హీటర్ వేడికి ఎండితే తగ్గుతుంది. హీటర్ వెంట్‌కు, కిటికీ ఎండకు దూరంగా పెట్టి, రెండు మూడు వారాలు ఆగి ట్యూనర్‌ను పిలవండి.