ప్రశ్నలు అడగని పాలసీ ఎవరికి?

అమెరికాలోని మా సంఘంలో నెలకోసారి జరిగే పెద్దల సమావేశంలో ఉత్తరాలు చదివిపెట్టే పని కొన్నేళ్లుగా నా మీద పడింది. పెద్దల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ నుంచి వచ్చినవి, బ్యాంకు నుంచి వచ్చినవి, ఒక్కోసారి కరెంటు బిల్లులు కూడా నా ముందుకు వస్తాయి. ఈ మధ్య మాత్రం వాటన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తున్నవి జీవిత బీమా కవర్లు. 50 ఏళ్లు నిండి 80, 85 మించనివాళ్లు ఎవరైనా తీసుకోవచ్చని, డాక్టరు పరీక్ష ఉండదని, ఆరోగ్యం గురించి ఒక్క ప్రశ్నైనా అడగరని, ప్రీమియం ఎప్పటికీ పెరగదని వాటి మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. గ్యారంటీడ్ యాక్సెప్టెన్స్ అని పిలిచే ఈ పాలసీలను సాధారణంగా 25,000 డాలర్లకు మించని చిన్న మొత్తాలకే ఇస్తారు. కడుతున్నంత కాలం, అంటే జన్మాంతం, అవి అమల్లో ఉంటాయి.

గత సమావేశానికి ఒక పిన్నిగారు అలాంటి కవర్లు రెండు తెచ్చారు. ఒకటి ఆమెది, రెండోది బాబాయిగారిది. ఆమెకు 66 ఏళ్లు. పదేళ్లుగా షుగరు ఉన్నా మాత్రలతోనే అదుపులో ఉంది, రోజూ రెండు పూటలా నడుస్తారు. బాబాయిగారికి 72 ఏళ్లు, వారానికి మూడు రోజులు డయాలసిస్‌కు వెళ్లాలి. కొడుకు ఇద్దరి పేరా చెరో 10,000 డాలర్ల పాలసీ తీసుకున్నాడు. "నాకేమైనా అయితే మావాడి చేతికి పదివేలు వస్తాయట కదా బాబూ, కాస్త చూసి చెప్పు" అంటూ ఆమె ముందుగా తన కవరు నా చేతిలో పెట్టారు.

నేను నాలుగైదు పేజీలు తిప్పి, మరణం సంభవిస్తే ఎంత ఇస్తారో చెప్పే చిన్న పట్టిక చూపించాను. మొదటి ఏడాదిలో జబ్బు చేసి పోతే అప్పటిదాకా కట్టిన ప్రీమియం, దాని మీద 10 శాతం. రెండో ఏడాదిలోనూ అంతే. మూడో ఏడాది నుంచి పూర్తి పదివేలు. ప్రమాదం వల్ల అయితే మాత్రం మొదటి రోజు నుంచే పూర్తి మొత్తం ఇస్తారని కింద ఇంకో వాక్యం ఉంది. పిన్నిగారు కళ్లద్దాలు పెట్టుకుని ఆ వరసలన్నీ రెండుసార్లు చదివి, "అయితే రెండేళ్లపాటు నేను జాగ్రత్తగా ఉండాలన్నమాట" అన్నారు. పక్కనున్నవాళ్లు నవ్వారు గానీ, ఈ పాలసీలోని అసలు సంగతిని ఇంత సూటిగా చెప్పిన ఏజెంటు నాకు ఇంతవరకు తారసపడలేదు.

కంపెనీ ప్రశ్నలు అడగడం లేదంటే మన ఆరోగ్యంతో దానికి పని లేదని కాదు. అడగకపోతే ఎవరు వస్తారో దానికి బాగా తెలుసు. మిగతా చోట్ల కాదనిపించుకున్నవాళ్లే ముందుగా ఇక్కడికి వస్తారు కనుక, వచ్చిన ప్రతి మనిషినీ జబ్బుమనిషి కిందే జమకట్టి ప్రీమియం నిర్ణయిస్తుంది. అది చాలదన్నట్టు రెండేళ్లు, కొన్ని పాలసీల్లో మూడేళ్లు, ఆగమంటుంది. ఆ వరసలో ఆరోగ్యంగా ఉన్న మనిషి వెళ్లి నిలబడితే ఆయన దగ్గరా జబ్బుమనిషి రేటే తీసుకుంటారు. అడగని ప్రశ్నలకు ధర కట్టి ప్రతి నెలా వసూలు చేస్తారని అనుకుంటే తప్పులేదు. నేను చూసినంతలో మన కుటుంబాల్లో ఈ పాలసీ కొంటున్నవాళ్లలో చాలామంది దీని అవసరం లేనివాళ్లే, అందుకే ఈ వ్యాసం.

లెక్క సులభంగా తెలియడానికి పిన్నిగారి ప్రీమియాన్ని నెలకు 60 డాలర్లుగా గుండ్రం చేసి చెబుతాను. 14 నెలలు కట్టాక ఆమె జబ్బు చేసి పోయారనుకుంటే కట్టినది 840 డాలర్లు, కొడుక్కి వచ్చేది 924. 25 నెలలు కట్టాక అదే జరిగితే కట్టినది 1,500, వచ్చేది 10,000. ఈ పాలసీకి విలువ ఉన్నది సరిగ్గా ఇక్కడే, అంటే మూడో ఏడాదిలోను, ఆ తరువాత వచ్చే కొన్నేళ్లలోను. ఆపైన తక్కెడ మెల్లగా కంపెనీవైపు ఒరుగుతుంది. 14 ఏళ్లు నిండకముందే కట్టిన మొత్తం పదివేలు దాటిపోతుంది. ప్రభుత్వ పెన్షన్ పథకమైన సోషల్ సెక్యూరిటీ వారి పట్టికల ప్రకారం 65 ఏళ్ల స్త్రీ సగటున సుమారు 20 ఏళ్లు జీవిస్తుంది. పిన్నిగారు అంత కాలం చల్లగా ఉంటే కట్టేది 14,400, అప్పటికీ వచ్చేది ఆ పదివేలే. ప్రీమియం పెరగదని మురిసిపోయేవాళ్లు పాలసీ మొత్తం కూడా పెరగదన్న సంగతి గమనించరు. ఇరవై ఏళ్ల తరువాత పదివేలకు ఏపాటి విలువ ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

బీమాను లాభనష్టాల లెక్కతో కొలవకూడదని అనేవాళ్లున్నారు, అది సబబైన మాటే. ఇల్లు కాలలేదు కనుక ఇంటి బీమా దండగ అని ఎవరూ అనరు. అయితే ఇంటి బీమాకు ఏటా కట్టేది ఇంటి విలువలో చిన్న వంతు. ఇక్కడ రాబోయే మొత్తానికి మించి మన చేతులతో మనమే కట్టే అవకాశం ఎక్కువగా ఉంది.

మనవాళ్లు దీన్ని సులభంగా నమ్మడానికి ఇంకో కారణం ఉందని నాకనిపిస్తుంది. బీమా అనగానే మన తరానికి గుర్తొచ్చేది ఎల్ఐసీ బాండు. గడువు తీరేదాకా బతికి ఉంటే బోనస్‌తో సహా డబ్బు చేతికొచ్చేది. బీరువాలో బాండు ఉందంటే ఆడపిల్ల పెళ్లికో, పిల్లవాడి చదువుకో ఆసరా ఉన్నట్టే. కట్టింది ఎక్కడికీ పోదన్న ఆ నమ్మకాన్నే ఇక్కడికీ తెచ్చుకున్నాం. ఈ పాలసీకి గడువు తీరడమంటూ లేదు. కొంత నగదు విలువ పోగవుతుంది గానీ, తొలి సంవత్సరాల్లో అది నామమాత్రం. ఏడెనిమిదేళ్లు కట్టి మధ్యలో వదిలేస్తే చేతికి వచ్చేది కట్టినదాంట్లో కొంత భాగమే.

వదిలేయాలని అనుకోకపోయినా వదిలిపోయే సందర్భాలుంటాయి. నాకు తెలిసిన ఒక కుటుంబంలో తల్లిదండ్రులు ఆరు నెలలు ఇండియా వెళ్లారు. ప్రీమియం కట్టే క్రెడిట్ కార్డుకు మధ్యలో గడువు తీరింది. కంపెనీ రాసిన ఉత్తరాలు కొడుకు ఖాళీ చేసిన పాత అపార్ట్‌మెంటుకు చేరాయి. గడువు దాటాక సాధారణంగా ఇచ్చే నెల రోజుల వెసులుబాటూ అయిపోయింది, పాలసీ రద్దయింది. మళ్లీ కొత్తగా తీసుకుంటే పెరిగిన వయసుకు పెరిగిన ప్రీమియం, ఆపైన ఆ రెండేళ్ల లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలు.

ఇంతకీ ఈ డబ్బు దేనికి? అడిగితే అందరూ చెప్పేది అంత్యక్రియల ఖర్చు. ఫ్యూనరల్ డైరెక్టర్ల జాతీయ సంఘం 2023 లెక్కల ప్రకారం ఈ దేశంలో పార్థివ దేహాన్ని సందర్శనకు ఉంచి ఖననం చేయడానికి మధ్యస్థ ఖర్చు 8,300 డాలర్లు, అదే దహనంతో అయితే 6,280. సందర్శనలేవీ లేని నేరుగా దహనం ఇంతకంటే చాలా తక్కువలో అవుతుంది. వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పెట్టిన, 1984 నుంచి అమల్లో ఉన్న ఫ్యూనరల్ నిబంధన ప్రకారం ఫ్యూనరల్ హోమ్‌లు, అంటే అంత్యక్రియలు జరిపించే సంస్థలు, ఫోనులో అడిగినా ధరలు చెప్పాలి, నేరుగా వెళ్లి అడిగితే ధరల పట్టిక చేతికివ్వాలి, నేరుగా దహనానికి శవపేటిక కొని తీరాలని పట్టుబట్టకూడదు. దుఃఖంలో ఉన్నవాళ్లు బేరమాడలేరు కనుక నాలుగు ఫ్యూనరల్ హోమ్‌ల ధరలు ముందుగానే తెలుసుకుని ఉంచుకోవడం అశుభమేమీ కాదు. సోషల్ సెక్యూరిటీ నుంచి వచ్చే 255 డాలర్ల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. అది కూడా పనిచేసి అర్హత సంపాదించినవాళ్ల భార్యకో భర్తకో, కొన్ని సందర్భాల్లో పిల్లలకో మాత్రమే ఇస్తారు.

ఇంకో చిక్కు ఉంది. అంత్యక్రియలు రెండు మూడు రోజుల్లో జరిగిపోతాయి. పార్థివ దేహాన్ని ఇండియాకు పంపాలంటే కాన్సులేట్ కాగితాలు, విమాన సరకు ఛార్జీలు అన్నీ అప్పటికప్పుడే తేల్చుకోవాలి. బీమా డబ్బు మరణ ధ్రువపత్రం వచ్చాక, ఫారాలు నింపి పంపాక, ఆ తరువాత ఎప్పుడో వస్తుంది. కొన్ని ఫ్యూనరల్ హోమ్‌లు పాలసీని తమకు రాసిస్తే ఒప్పుకుంటాయి గానీ, రెండేళ్లు నిండని పాలసీని వాళ్లూ నమ్మరు. కాబట్టి ఎలాగూ చేతిలో కొంత రొక్కం ఉండాల్సిందే. నెలకు 60 డాలర్లు వేరే ఖాతాలో వేసి, తదనంతరం నేరుగా చెందేలా కొడుకు పేరో కూతురి పేరో రాయిస్తే అయిదేళ్లలో 3,600 అవుతుంది. తొందరగా ఏదైనా జరిగితే అది చాలదు, ఒప్పుకుంటాను. అయితే ఆలస్యమైనా అందులో ఒక్క డాలరూ ఎక్కడికీ పోదు.

అంత్యక్రియల ఖర్చుకు బీమాయే కావాలనుకుంటే ముందుగా ప్రశ్నలు అడిగే పాలసీ దగ్గరకే వెళ్లాలని నా సలహా. డాక్టరు పరీక్ష లేకుండా, ఆరోగ్యం గురించి కొన్ని ప్రశ్నలు మాత్రమే అడిగి ఇచ్చే చిన్న పాలసీలున్నాయి. వాటిలో ఆమోదం దొరికితే చాలావాటికి మొదటి రోజు నుంచే పూర్తి మొత్తం వర్తిస్తుంది, అదే మొత్తానికి ప్రీమియం కూడా సాధారణంగా తక్కువే. షుగరనో బీపీ అనో చెబితే కాదంటారేమోనని మన పెద్దలు జంకుతారు. మాత్రలతో అదుపులో ఉన్న షుగరుకు, బీపీకి చాలా కంపెనీలు అభ్యంతరం చెప్పవు. వాళ్లు వెనక్కు పంపేది డయాలసిస్‌లో ఉన్నవాళ్లను, ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకునేవాళ్లను, కేన్సర్‌కు చికిత్స తీసుకుంటున్నవాళ్లను, మతిమరుపు వ్యాధి నిర్ధారణ అయినవాళ్లను. అడిగినదానికి మాత్రం నిజమే చెప్పాలి. మొదటి రెండేళ్లలో ఏదైనా జరిగితే కంపెనీ పాత వైద్య రికార్డులు తెప్పించి చూసి, దాచిన జబ్బు బయటపడితే డబ్బు ఇవ్వకుండా ఆపగలదు.

ఇక్కడ కొడుకు గురించి కూడా ఒక మాట అనక తప్పదు, పిన్నిగారి ముందు అనలేదు గానీ. నలభై దాటినవాడు, ఇంటి అప్పు ఉన్నవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. అతనికున్న బీమా అంతా ఆఫీసు ఇచ్చిన గ్రూప్ పాలసీయే, ఉద్యోగం పోతే అదీ పోతుంది. అమ్మానాన్నల రెండు పాలసీలకు నెలనెలా కడుతున్న డబ్బుతో, ఆరోగ్యం బాగుంటే, తన పేర లక్షల డాలర్ల టర్మ్ పాలసీ, అంటే నిర్ణీత సంవత్సరాల వరకే వర్తించే పాలసీ, తీసుకోవచ్చు. ఆ పెద్దవాళ్లు బతుకుతున్నది అతని సంపాదన మీద. ఆ సంపాదనకు రక్షణ లేకుండా వాళ్ల అంత్యక్రియలకు బీమా చేయడం తలకిందుల వ్యవహారం. ప్రశ్నలు లేని ఆమోదం నిజంగా లాభించే చోటు ఒకటుంది, అది ఆఫీసులోనే ఉంది: కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు మొదటి కొద్ది వారాల్లో అదనపు గ్రూప్ బీమా అడిగితే, ఒక హద్దు వరకు ఆరోగ్య ప్రశ్నలు లేకుండానే చాలా కంపెనీలు ఇస్తాయి. అక్కడ ఆరోగ్యవంతులూ జబ్బుమనుషులూ కలిసి ఉంటారు కనుక రేటు అంత ఎక్కువ ఉండదు. ఆ ఫారాన్ని చదవకుండా పక్కన పడేసేవాళ్లే ఎక్కువ.

ఎస్‌ఎస్‌ఐ, అంటే ఆదాయం, ఆస్తి తక్కువగా ఉన్న పెద్దలకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం, అందుకుంటున్న పెద్దలు ఇంకొంత జాగ్రత్త పడాలి. జీవిత బీమా పాలసీల మొత్తం 1,500 డాలర్లు మించితే వాటి నగదు విలువను ఆస్తి కింద లెక్కిస్తారు. ఒంటరి మనిషికి ఆస్తి హద్దు 2,000 డాలర్లే.

పిన్నిగారి పాలసీ ఇంటికి చేరి అప్పటికి 18 రోజులైంది. పాలసీ అందాక నచ్చకపోతే తిప్పి పంపి కట్టినదంతా వెనక్కు తీసుకోవడానికి రాష్ట్రాన్ని బట్టి 10 నుంచి 30 రోజుల గడువుంటుంది. ఆమె కాగితంలో 30 రోజులని రాసి ఉంది. ముందు ప్రశ్నలు అడిగే పాలసీకి దరఖాస్తు చేయమని, అది చేతికి వచ్చాకే దీన్ని రద్దు చేయమని, గడువు తేదీని ఫ్రిజ్ మీద అంటించుకోమని చెప్పాను. "మరి మీ బాబాయిగారిదీ తిప్పి పంపెయ్యమంటావా?" అంటూ ఆమె రెండో కవరు తీశారు.

దాని గురించి నేను కాసేపు ఆలోచించాను. డయాలసిస్ అనగానే మిగతా కంపెనీలు తలుపు వేసేస్తాయి. ఆయన రెండేళ్లలోపు పోతే కట్టినది పది శాతం కలిపి వెనక్కు వస్తుంది, కాబట్టి పెద్దగా పోయేదేమీ లేదు. మూడో ఏడాదిలోకి అడుగుపెడితే పూర్తి మొత్తం వస్తుంది. ఆయన విషయంలో లెక్క తలకిందులై, ఆమెకు నష్టం తెచ్చే నిబంధనలే ఆయనకు అనుకూలంగా ఉన్నాయి. కొడుకు దగ్గర దాచిన డబ్బు పెద్దగా లేదని కూడా ఆమే చెప్పారు. "అది ఉండనివ్వండి పిన్నిగారూ, ప్రీమియం మాత్రం ఒక్క నెల కూడా తప్పకుండా చూసుకోండి" అన్నాను. ఆమె రెండు కవర్లనూ మళ్లీ సంచిలో పెట్టుకున్నారు, తనదొక అరలో, ఆయనదొక అరలో.