లారీకి లైట్లు తర్వాత, ముందు డ్రైవర్ సీటు చూడండి

మా నాన్నకి సొంత లారీ ఉంది. 2009లో కొన్నాడు. కంపెనీ నుంచి ఛాసిస్ (ఇంజిన్, చక్రాలు ఉన్న అడుగు చట్రం) వస్తే కేబిన్, బాడీ విజయవాడ ఆటోనగర్‌లోనే కట్టించాడు. చెక్క ఫ్రేము, పైన రేకు, లోపల ఎర్ర రెగ్జిన్. అప్పుడు నేను ఏడో తరగతి. కొత్త బండికి కొబ్బరికాయ కొట్టిన రోజు ఆ కేబిన్ నా కంటికి మేడలా కనిపించింది. నెలకి ఇరవై రోజులు అందులోనే ఉండే మనిషికి ఎలా ఉంటుందో ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

మొన్న సంక్రాంతి తర్వాత నాన్నతో గుంటూరు నుంచి చెన్నైకి మిర్చి లోడు మీద వెళ్లాను. ఒంగోలు రాకముందే నా నడుము పట్టేసింది. డ్రైవర్ సీటు మధ్యలో గుంట. ఆ గుంటలో మడతపెట్టిన దుప్పటి, దాని మీద తువ్వాలు. ఎడమ పక్కన ఇంజిన్ బానెట్, అంటే కేబిన్ లోపలే ఉండే ఇంజిన్ మూత, దాని మీద అరచెయ్యి ఆన్చలేం. నాన్న ఎడమ కాలి పిక్క దగ్గర చర్మం కమిలి నల్లబడి ఉంది. ఇంట్లో ఎప్పుడూ లుంగీలో ఉంటాడు కదా, నేనే గమనించలేదు. పాటలకి ఫోన్‌ను స్టీలు గ్లాసులో నిలబెట్టి డాష్‌బోర్డు మీద పెడతాడు. "గ్లాసులో పెడితే బానే వినపడుద్దమ్మా" అన్నాడు. పక్కనే కూర్చున్న నాకు ఒక్క మాట తెలియలేదు.

తిరిగొచ్చాక కేబిన్ బాగు చేయిద్దామని షాపుల చుట్టూ తిరిగాను. వెళ్లిన ప్రతిచోటా ముందు చూపించింది రంగు లైట్లు, అద్దాల స్టిక్కర్లు, దడదడలాడించే పెద్ద బేస్ ట్యూబు స్పీకరు. నడిపే మనిషి వయసెంత, నడుము నొప్పి ఉందా అని ఒక్కరు కూడా అడగలేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. బండి లోపలి పని అంటే బయటివాళ్లు చూసి మెచ్చుకునే పని అయిపోయింది. లోపల కూర్చునేవాడి లెక్కే లేదు.

చివరికి ఒక ముసలి సీటు మేస్త్రీ దొరికాడు. "కొలత బండిది కాదమ్మా, మీ నాన్నని తీసుకురా" అన్నాడు. నాన్నని కూర్చోబెట్టి, క్లచ్ పూర్తిగా తొక్కించి, మోకాలు ఎంత వంగుతోందో చూసి సీటు రెండు అంగుళాలు పైకి లేపాడు. పాత రెగ్జిన్ కోసి ఫోమ్ బయటికి లాగేసరికి షెడ్డులో ఉన్న అందరికీ తుమ్ములు. పిండిలా పొడిపొడిగా రాలిపోతున్న ఆ ఫోమ్ నిండా ఎర్రటి దుమ్ము. మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎక్కించేటప్పుడు బట్టలకి అంటుకున్న కారం, ఏళ్ల తరబడి చెమటతో లోపలికి దిగింది. నాన్న దాని మీదే కూర్చున్నాడు, దాన్నే పీల్చాడు. ఇప్పుడు వేసింది 40 డెన్సిటీ ఫోమ్, అంటే తొందరగా గుంటపడని దిట్టమైన రకం, నడుము దగ్గర కొంచెం ఎత్తు. పైన రెగ్జిన్ వద్దని ముతక కాటన్ గుడ్డ కుట్టించాను, విప్పి ఉతుక్కోవచ్చు.

బానెట్ అంచు రబ్బరు ఎండి పగిలిపోయింది. వేడి, పొగ, మోత మూడూ ఆ సందులోంచే. కొత్త రబ్బరు వేసి, బానెట్ లోపల వేడి ఆపే షీటు అతికించాం. తలుపు అద్దాల రబ్బర్లు మార్చాం. సగం మోత అక్కడే పోయింది, అప్పటికింకా స్పీకరు కొననే లేదు.

పాటల సెట్టు గురించి గట్టిగానే చెప్పాలి. కారు సెట్టు నడిచేది 12 వోల్టుల మీద. మా లారీది రెండు బ్యాటరీలు కలిపిన 24 వోల్టుల సిస్టమ్. మూడేళ్ల కిందట ఒక ఎలక్ట్రీషియన్ 24 వోల్టుల్ని 12కి తగ్గించే కన్వర్టర్ ఖర్చెందుకని ఒక్క బ్యాటరీ నుంచే వైరు లాగి సెట్టు పెట్టాడు. అలా చేస్తే ఆ ఒక్క బ్యాటరీ దిగిపోతూ ఉంటుంది. ఛార్జింగ్ మాత్రం రెండింటికీ కలిపే ఎక్కుతుంది కాబట్టి అది ఎప్పటికీ నిండదు, రెండోది ఎక్కువ తిని నీళ్లు ఆవిరైపోతాయి. రెండు నెలల్లో రెండూ పోయాయి. రాత్రి పన్నెండింటికి కావలి దగ్గర బండి స్టార్ట్ కాక, నాన్న తెల్లారేదాకా రోడ్డు పక్కన కూర్చున్నాడు. ఆ తర్వాతే సెట్టు పీకేసి గ్లాసుకి వచ్చాడు. కాబట్టి దయచేసి, 24 వోల్టుల బండికి కన్వర్టర్ లేకుండా సెట్టు పెట్టనివ్వకండి.

ఈసారి పది ఆంపియర్ల కన్వర్టర్, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు. రేసు ఇస్తే స్పీకర్లో సన్నగా కూత వచ్చింది. ఎర్తు వైర్లన్నీ తెచ్చి ఒకే చోట బిగిస్తే ఆగింది. బేస్ ట్యూబు వద్దన్నాను. ఇంజిన్ మోత ఎక్కువగా బరువు శబ్దమే, బేస్ దాంట్లో కలిసిపోతుంది, మనిషి గొంతు తేటగా రావడం ముఖ్యం. ఇంతకుముందు స్పీకర్లు వెనక పడకగోడలో ఉండేవి. ఇప్పుడు ఆరు అంగుళాలవి రెండు, ముందు పైఅరలో చెవుల వైపు తిప్పి పెట్టాం. సౌండు సగంలో ఉన్నా మాట తెలుస్తుంది, వెనక వచ్చే బండి హారనూ వినపడుతుంది.

నాన్నకి పాటల కన్నా ఆకాశవాణి విజయవాడ కేంద్రం వార్తలు కావాలి. చూపించిన సెట్లలో ఎక్కువవాటికి ఎఫ్ఎం మాత్రమే ఉంది. ఊరు దాటి కొంత దూరం పోతే అది పట్టదు. ఆ వార్తలు దూరంలోనూ పట్టే మీడియం వేవ్ ఉన్న సెట్టు కోసం నాలుగు షాపులు తిరిగాను. దొరికింది, కానీ ఆన్ చేస్తే ఒకటే గరగర. ఆ గోల కన్వర్టర్‌ది. దాన్ని సెట్టుకి దూరంగా సీటు కిందికి మార్చాక గొంతు తేటపడింది.

మా మామయ్య "ఇంత పాత బండికి ముప్పై ఒక్క వేలు దండగ" అన్నాడు. ఒక జత టైర్ల కన్నా తక్కువే మామయ్యా అది. టైర్లు అరిగితే మారుస్తాం, నడుము అరిగితే బామ్ రాస్తాం. 2025 నుంచి కొత్తగా తయారయ్యే పెద్ద లారీల కేబిన్‌లో ఏసీ తప్పనిసరి చేశారు. మంచిదే, చాలా ఆలస్యంగానైనా వచ్చింది. కానీ ఇప్పటికే రోడ్డు మీదున్న పాత బండ్లకి అది వర్తించదు. వాటిలో కూర్చున్నవాళ్ల సంగతి ఇంట్లోవాళ్లమే చూసుకోవాలి. మీ నాన్నో అన్నయ్యో లారీ నడుపుతుంటే ఒక్క ట్రిప్పు పక్కన కూర్చుని వెళ్లి రండి.

పని అయ్యాక మొదటి ట్రిప్పులో నెల్లూరు దాటి ఫోన్ చేశాడు. నాన్న ఫోన్లో ఎప్పుడూ అరిచినట్టే మాట్లాడతాడు, ఇంట్లో ఉన్నా అంతే. ఆ రోజు మామూలు గొంతుతో "తిన్నావామ్మా" అని అడిగాడు. ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడ్డాను. కాదు, వార్తలు వింటున్నాడట.

ఇంకా వెనక పడక మిగిలింది. నాన్న పొడుగు మనిషి, చెక్క ఐదు అంగుళాలు తక్కువ. ఇన్నేళ్లూ కాళ్లు ముడుచుకునే పడుకున్నాడు. దసరాకి రంగులు వేయించేటప్పుడు వెనక గోడ జరపొచ్చని మేస్త్రీ చెప్పాడు. అడ్వాన్స్ ఇచ్చేశాను.