పడిన చెట్టు తియ్యరు, పైగా యునెస్కో గుర్తింపు!

జర్మనీ అంటే క్రమశిక్షణ అని మనకి చిన్నప్పట్నుంచి నూరిపోశారు. నిజమే, పెరుగు డబ్బా పారేయాలన్నా మూత వేరు, డబ్బా వేరు చేసి పారేసే దేశం, ఆదివారం గోడకి మేకు కొడితే పక్కింటాయన వచ్చి నిలదీసే దేశం. అలాంటి దేశం నడిమధ్యన, తురింగియా రాష్ట్రంలో, హైనిష్ అని పాత బీచ్ (సముద్రపు బీచ్ కాదు, beech అనే చెట్టు) చెట్ల అడవి ఉంది, అక్టోబర్లో ఆకులు పసుపు, రాగి రంగుల్లోకి తిరిగే టైమ్‌లో వెళ్లి చూశా, మెయింటెనెన్స్ నిల్ అండి.

పడిన చెట్టు పడినట్టే ఉంది. దారి పక్కన ఓ పెద్ద మాను ఎప్పుడు కూలిందో ఏమో, నాచు పట్టి, పైన గుర్రపు డెక్కల్లా గట్టి పుట్టగొడుగులు మొలిచి, వేలితో నొక్కితే చెక్క పొడిపొడిగా రాలిపోతోంది. మన దగ్గరైతే ఈపాటికి టెండర్ పిలిచి, కలప అమ్మేసి, బిల్లు కూడా పాసయ్యేది. వీళ్లేమో 'ప్రకృతిని ప్రకృతిగా ఉండనిద్దాం' అని నినాదం పెట్టుకుని చేతులు కట్టుకు కూర్చున్నారు, అలా కూర్చున్నందుకు 1997లో నేషనల్ పార్క్ హోదా, 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ లిస్టులో చోటు. ఇప్పుడా లిస్టులో 18 దేశాల బీచ్ అడవులున్నాయి, అంటే 18 ప్రభుత్వాలు కూడబలుక్కుని పని మానేశాయన్నమాట. ఈ టాలెంట్ మనకి ఎప్పట్నుంచో ఉంది, అప్లై చేసుకోలేదు అంతే.

అంతకుముందు దశాబ్దాల పాటు ఇక్కడ మిలిటరీ ట్రైనింగ్ నడిచింది, మామూలు జనానికి ఎంట్రీ లేదు, అందుకే చాలా చెట్లు బతికిపోయాయట. టూరిస్టు కన్నా ట్యాంకు నయం అని చెట్లు డిసైడైపోయినట్టున్నాయి, అవమానం.

సర్వీస్ రూల్స్ మాత్రం అచ్చం మన ఆఫీసువే. పెద్ద చెట్లు పైన ఆకులతో వెలుతురంతా కమ్మేస్తాయి, పిల్ల మొక్కలు కింద నీడలో ఏళ్లకేళ్లు ఎదగకుండా పడుంటాయి, సీనియర్ కూలితేనే ఎండ, ఎండ వస్తేనే ప్రమోషన్. కాయలు కూడా అంతే, ఓ ఏడాది విరగ్గాస్తాయి, మిగతా ఏళ్లు మెడికల్ లీవు.

44 మీటర్ల టవర్ ఎక్కి చూశా, నాలుగు వైపులా రాగి రంగే, ఒక్క ఫ్లెక్సీ లేదు! ఏ నాయకుడి పుట్టినరోజో తెలియకుండా ఈ చెట్లు ఇన్నాళ్లు ఎలా బతికాయో. అన్నిటికన్నా బాధ ఆ బెరడు చూస్తే, బూడిదరంగులో నున్నగా, గోకితే చాలు గీత పడేలా ఉంది, నేను చూసినంత మేర ఖాళీగా వదిలేశారు. గోల్కొండ గోడల మీద మనవాళ్లు ఖాళీ జాగా మిగల్చకుండా ఎంత కష్టపడ్డారు, ఆ అనుభవమున్న ఓ పది ప్రేమజంటల్ని ప్రభుత్వ ఖర్చుతో శిక్షణకి పంపడానికి నేను రెడీ, మేకులు మావే.