వాలు ఎక్కిన దిమ్మె

కడప ఏడు రోడ్ల సర్కిల్‌కు కూతవేటు దూరంలో నాకొక జిరాక్స్ షాపు ఉంది. ఫిజిక్స్ గురించి పత్రికాముఖంగా మాట్లాడటానికి ఈ అర్హత చాలుతుందనే నేననుకుంటున్నాను. డిగ్రీ మొదటి సంవత్సరం ఫిజిక్స్ హోమ్‌వర్కును ఈ పేటలో కళ్లతో చూసేవాణ్ణి నేనొక్కణ్ణే. లెక్చరర్లు చూడరు, టిక్కు పెడతారు. పిల్లలు చూడరు, రాస్తారు. నేను మాత్రం ప్రతి కాగితాన్నీ అద్దం మీద బోర్లించే ముందు ఒకసారి చూసి తీరతాను, వంకరగా పడితే డబ్బులివ్వరు కాబట్టి.

సెమిస్టర్ మొదట్లో ఒక అబ్బాయి ఒక కాగితం తెచ్చి అరవై మూడు కాపీలు కొట్టమన్నాడు. కాలేజీ పేరు చెప్పను. వాళ్ల హాల్‌టికెట్లు, స్కాలర్‌షిప్ ఫారాలు అన్నీ నా దగ్గరికే రావాలి. కాగితం మీద హోమ్‌వర్క్ నియమావళి ఉంది. ప్రతి లెక్కకూ బొమ్మ గీయాలి, బలాలకు బాణాలు పెట్టాలి. అంకెలు వేయకముందే అక్షరాలతో సూత్రం సాధించాలి. యూనిట్లు రాయని జవాబుకు సున్నా. చివరి జవాబు చుట్టూ స్కేలుతో డబ్బా కొట్టాలి. స్నేహితులతో చర్చించవచ్చు గానీ చూసి రాయకూడదు. వచ్చిన జవాబు సబబుగా ఉందో లేదో ఒక్క నిమిషం ఆలోచించాలి. శుక్రవారం సాయంత్రం నాలుగు దాటితే తీసుకోబడదు. అన్నిటికన్నా కింద, గీత గీసి మరీ: క్లాసులో కూర్చున్న ప్రతి గంటకూ ఇంటి దగ్గర రెండు గంటలు చదవాలి.

బంగారంలాంటి నియమాలు. బల్క్ రేటు రూపాయి చొప్పున అరవై మూడు రూపాయలు తీసుకున్నాను.

ఆ రాత్రి షట్టరు దించాక ఆ చివరి నియమం మీద లెక్క వేశాను. వారానికి ముప్పై గంటల క్లాసులు. మిగతా సబ్జెక్టుల వాళ్లకూ పౌరుషం ఉంటుంది కాబట్టి వాళ్లూ రెండింతలే అడుగుతారు. అంటే ఇంటి దగ్గర అరవై. మొత్తం తొంభై. వారంలో ఉండేవి 168 గంటలు. రోజుకు ఎనిమిది గంటల నిద్రకు యాభై ఆరు పోతే మిగిలేది ఇరవై రెండు. ప్రొద్దుటూరు నుంచి బస్సులో వచ్చిపోయే పిల్లవాడికి దారిలో రోజుకు మూడు గంటలు, ఆరు రోజులకు పద్దెనిమిది. ఇక మిగిలింది నాలుగు గంటలు. వారం మొత్తానికి తిండి, స్నానం, దేవుడు, ప్రేమ, నా షాపు ముందు క్యూ అన్నీ ఆ నాలుగింటిలోనే. జాతీయ క్రెడిట్ విధానం సంవత్సరానికి 40 క్రెడిట్లు, 1200 గంటల చదువు చాలంటోంది. తొంభై చొప్పున ముప్పై వారాలు చదివితే 2700 అవుతుంది. ఢిల్లీ వాళ్లు అడిగినదానికి రెట్టింపు పైన ఇవ్వడం సీమ వాళ్లకు అలవాటే అనుకుని పడుకున్నాను.

పిల్లలు నాకంటే తెలివైనవాళ్లు. అరవై గంటల్ని ఇరవై నిమిషాలకు దించే పద్ధతి మొదటి వారంలోనే కనిపెట్టారు. దాని పేరే చర్చ. గురువారం రాత్రి వాట్సాప్ గ్రూపులో ఒకడు ఫొటో పెడతాడు, మిగిలినవాళ్లు బొటనవేలు ఎత్తుతారు, చర్చ ముగుస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం ఆ ఫొటో నా మెషీన్లోంచి వెచ్చగా బయటికొస్తుంది. ఫోన్లో చూసి రాస్తే కళ్లు నొప్పెడతాయట. నియమావళిలో ఆరోగ్య సూత్రాలు లేకపోయినా పాటిస్తున్నారు, మెచ్చుకోవాలి.

మూడో వారం లెక్క ఇది. ముప్పై డిగ్రీల వాలు మీద అయిదు కిలోల దిమ్మె. ఘర్షణ గుణకం, అంటే రెండు వస్తువులు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకుంటాయో చెప్పే అంకె, 0.2. త్వరణమెంత? ఫొటోలో జవాబు మైనస్ 9.99, చుట్టూ చక్కటి డబ్బా. నేను నలభై కాపీలు కొట్టాను. మైనస్ అంటే ఏమిటో నాకూ తట్టలేదు. ఫిజిక్సును ఇంటర్‌లోనే వదిలేసినవాణ్ణి.

నాకు విషయం చెప్పింది, ఆ క్లాసులోనే చదివే ఒక అమ్మాయి. బస్సు కోసం ఎదురుచూస్తూ నా బల్ల మీదే హోమ్‌వర్క్ చేసుకునేది. కిందికి ప్లస్ అనుకుంటే మైనస్ అంటే పైకట. దిమ్మె వాలు మీద జారకుండా దానంతటదే పైకి ఎక్కుతోందట. అది కూడా మిద్దె మీద నుంచి వదిలిన రాయి కిందికి పడేదానికన్నా జోరుగా, ఎందుకంటే ఆ రాయికి 9.8 మాత్రమే. ఫొటో పెట్టినవాడి ఫోన్లో క్యాలిక్యులేటర్ డిగ్రీలకు బదులు రేడియన్ల మీద ఉండిపోయింది. ఒక రేడియన్ దాదాపు 57.3 డిగ్రీలు. ముప్పై రేడియన్లంటే నాలుగు చుట్లు పూర్తిగా తిరిగి, అయిదో చుట్టులో ముప్పావు దాటడం. ఏడు రోడ్ల సర్కిల్లో దారి తప్పిన కొత్త ఆటోవాడు కూడా అంతలా తిరగడు. డిగ్రీల్లో వేస్తే జవాబు 3.2, కిందికి.

బండలాగుడు పోటీలు చూస్తూ పెరిగిన జిల్లా ఇది. బండ కదలాలంటే ఎద్దులకు నురగలు రావాలని చంటిపిల్లకు కూడా తెలుసు. అలాంటి జిల్లాలో అరవై రెండు నోట్‌బుక్కుల్లో దిమ్మె గుట్టెక్కింది, అరవై రెండిటికీ పదికి పది పడ్డాయి. దీన్ని తప్పు అనడం నాకిష్టం లేదు. ఇంతమంది ఏకగ్రీవంగా చెప్పినప్పుడు ప్రభుత్వం కదలాలి. ముద్దనూరు దగ్గర థర్మల్ కేంద్రంలో బొగ్గు తగలేయడం వెంటనే ఆపి, గండికోట నీళ్లు ఎత్తిపోయడానికి పెట్టిన మోటార్లు విప్పేసి, పాలకొండల వాలు మీద అయిదు కిలోల దిమ్మెలు వరుసగా పేర్చి ఒక్కొక్క దానికి ఒక్కొక్క బిందె కట్టాలి. ఒకే జాగ్రత్త: అక్కడికి డిగ్రీలు తెలిసినవాళ్లను రానివ్వకూడదు.

ఆ లెక్కకు రెండో భాగం కూడా ఉంది. ఇంట్లో దొరికే రెండు వస్తువుల మధ్య ఘర్షణ గుణకం కనుక్కోవాలి. ఫొటోలో 0.2 అనే ఉంది, ఏ వస్తువులో లేదు. ఈ అమ్మాయి మాత్రం నా షాపు గడపకు వేయగా మిగిలిన కడప బండ ముక్క కావాలంది. అరవై సెంటీమీటర్ల పొడుగు, నున్నగా పాలిష్ పట్టింది. దాని మీద తన స్టీలు టిఫిన్ బాక్సు పెట్టి, ఒక కొస కింద ఏ-ఫోర్ కాగితం కట్టలు దూరుస్తూ, బాక్సు జారేదాకా ఎత్తమంది. బండ ఎత్తింది నేను, స్కేలు చదివింది తను. పదిసార్లు. కొస పదిహేడు నుంచి ఇరవై ఒక్క సెంటీమీటర్లు లేచేలోపు బాక్సు జారేది, ఎక్కువసార్లు పంతొమ్మిది దగ్గర. ఎత్తును బండ కింద నేల మీది పొడుగుతో భాగిస్తే గుణకం వచ్చేస్తుందట, బరువుతో పని లేదట. నేను నమ్మలేదు. బాక్సులో చిత్రాన్నం ఉన్నప్పుడు చూశాం, ఇద్దరం కలిసి తినేశాక ఖాళీ బాక్సుతోనూ చూశాం. అక్కడే జారింది.

0.30 నుంచి 0.37 మధ్య, సుమారు 0.33 అని రాసింది. గెలీలియో కూడా ఇలాగే వాలు మీద కంచు గుండు దొర్లించి, కాలాన్ని నీళ్ల తూకంతో కొలిచి, వంద సార్లు చేశానని 1638లో అచ్చేశాడని చెప్పింది. ఆయనకు శుక్రవారం నాలుగు గంటల గొడవ లేదు కాబట్టి చేశాడు.

నోట్‌బుక్కు తిరిగొచ్చింది. ఆరు మార్కులు. 3.2 చుట్టూ ఎర్ర సున్నా, పక్కన 'రీచెక్'. పది కొలతల పట్టిక మీద అడ్డగీత, 'ఒక్క విలువే రాయవలెను'.

లెక్చరర్ను ఏమీ అనకండి. నాకు ఆయన తెలుసు, తన అప్లికేషన్లు నా దగ్గరే కొట్టించుకుంటాడు. గెస్ట్ ఫ్యాకల్టీ, గంటల లెక్కన జీతం, ఆ గంటల్లో దిద్దే గంటలు లేవు. అరవై మూడు మంది, తలా ఎనిమిది లెక్కలు, ఒక్కోదానికి మూడు నిమిషాలు పెట్టినా పాతిక గంటలు దాటుతుంది. వరసగా మైనస్ 9.99 చూసుకుంటూ వస్తున్న కంటికి మధ్యలో 3.2 తగిలితే అది బియ్యంలో రాయే. జవాబు సబబుగా ఉందో లేదో ఒక్క నిమిషం ఆలోచించాలన్న నియమం పిల్లలకు పెట్టింది, ఆయనకు కాదు.

తర్వాతి శుక్రవారం మూడున్నరకు ఆ అమ్మాయి వచ్చి ఫోన్ చాపింది. "ఒక్క కాపీ కొట్టియ్యన్నా, టైమైపోతాంది." ఈసారి కప్పీ మీద తాడు, రెండు బరువులు. నా బల్ల మీదే గబగబా ఎక్కించుకుంటూ మూడో లైను దగ్గర ఆగింది. పెన్ను ఒక అంకె మీద నిలబడింది.

"తప్పుందా పాపా?"

"ఉందన్నా."

"దిద్దుకో మరి."

"దిద్దితే మళ్లా రీచెక్ వస్తాది."

ఉన్నది ఉన్నట్టే దించుకుని, స్కేలు పెట్టి జవాబు చుట్టూ నాలుగు పక్కలా సమంగా డబ్బా కొట్టింది.