చందా ఇచ్చే చేతికి ఒక షరతు

నిమజ్జనం మరునాడు పొద్దున ఆరు గంటలకు కర్నూలు వినాయక ఘాట్ దగ్గర కేసీ (కర్నూలు-కడప) కాలువ గట్టు మీద ఒక్కసారి నిలబడి చూడండి. పండుగ మీద ప్రేమ తగ్గదు గానీ, మనం పండుగ చేసే తీరు మీద మాత్రం సిగ్గు కలుగుతుంది. కిందటి ఏడాది నేను చూసినప్పుడు గట్టు రాళ్ల మధ్య ఒక పెద్ద చెవి బోర్లా పడి ఉంది. దాని మీది గులాబీ రంగు ఇంకా మెరుస్తూనే ఉంది. ఇద్దరు పిల్లలు మోకాళ్ల లోతు నీళ్లలో దిగి ఇనుప చువ్వలు లాగుతున్నారు. అందులో చిన్నవాడు ఒక చువ్వకు అంటుకుని ఉన్న స్వామివారి వేళ్లను రాతికేసి కొట్టి విడగొట్టి, చువ్వను మాత్రం గోనె సంచిలో వేసుకున్నాడు. పాత ఇనుము అంగడికి వేళ్లతో పనిలేదు కదా. అంతకు ముందు రాత్రి అదే చేతికి హారతి ఇచ్చి కళ్లకద్దుకున్న వాళ్లలో నేనూ ఒకణ్ణి.

నాకు పాతబస్తీలో స్టీలు సామాన్ల అంగడి ఉంది. చవితికి పదిహేను రోజుల ముందు నుంచి రసీదు పుస్తకాలు వస్తాయి. మా వీధిది, పక్క వీధిది, ఇల్లు ఉన్న కాలనీది, మా అబ్బాయి స్నేహితులది, సరుకు దించే హమాలీలది, ఇలా ఏటా ఆరేడు మండపాలకు తక్కువ కాకుండా చందా రాస్తాను. ఇంట్లో మాత్రం ఎన్నో ఏళ్లుగా జానెడు మట్టి వినాయకుణ్ణే తెచ్చి, పూజయ్యాక గంగాళంలో కరిగించి, ఆ నీళ్లు తులసి కోటలో పోస్తాము. ఈ సంగతి నలుగురికీ చెప్పుకొని సంతోషించేవాణ్ణి. ఇంట్లో పిడికెడు మట్టి కరిగించి పుణ్యం మూటగట్టుకున్న నేను, వీధిలో నిలబెట్టిన పద్దెనిమిది అడుగుల ప్యారిస్ ప్లాస్టర్ విగ్రహంలో నా వాటా ఎంతో ఒక్కనాడూ లెక్క వేసుకోలేదు. లెక్క వేస్తే, ఇంటి విగ్రహానికి నూరింతలకు పైగా బరువు నా డబ్బుతోనే కాలువలో పడేది. మట్టి వినాయకుడి ఫోటో స్టేటస్‌లో పెట్టుకునే మనలో చాలామంది పరిస్థితి ఇదే.

ఇక ఆ కాలువ సంగతి. కొందరు దాన్ని నది అనుకొని మాట్లాడుతుంటారు, వరద వస్తే అంతా కొట్టుకుపోతుందని ధీమాగా చెబుతుంటారు. అది నది కాదు. 1863 నుంచి 1870 మధ్య ఒక ఆంగ్లేయ కంపెనీ తవ్వించగా, 1882లో ప్రభుత్వం కొనుక్కున్న పంట కాలువ అది. 1933 వరకు దాని మీద పడవలు కూడా నడిచాయి. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు అందుకొని, మన ఊళ్లో హంద్రీ నది మీదుగా వంతెన కట్టుకొని దాటి, నంద్యాల మీదుగా కడప వైపు సాగుతుంది. దాని కింద ఉన్న ఆయకట్టు దాదాపు 2.65 లక్షల ఎకరాలు. చవితి వచ్చేది సరిగ్గా ఖరీఫ్ నీళ్లు పారే రోజుల్లోనే. మనం ఘాట్‌లో వదిలింది కొట్టుకుపోతే పోయేది సముద్రానికి కాదు, దిగువన ఉన్న రైతు మడిలోకి. ఆ కాలువ నీళ్లే తాగునీటికి ఆధారమైన ఊళ్లు కూడా దిగువన ఉన్నాయి. గంగా స్నానం, తుంగా పానం అని పెద్దలు తుంగ నీటిని తాగడానికి పెట్టింది పేరుగా చెప్పారు. ఆ మాట ఇప్పుడు కాలువ గట్టు మీద నిలబడి అనడానికి నాకు నోరు రాదు.

మా అంగడికి వచ్చే ఒక రైతు ఈ విషయంలో నన్ను ఇరుకున పెట్టాడు. ప్యారిస్ ప్లాస్టర్ అంటే జిప్సమే కదా, వేరుశనగకు ఊడలు దిగే వేళ మేము ఎకరాకు 200 కిలోలు చల్లుతాము, చౌడు నేలలు బాగుపడటానికి అధికారులే వేయమంటారు, మరి కాలువలో పడితే వచ్చిన నష్టమేమిటని అడిగాడు. మంచి ప్రశ్న. దీన్ని వెటకారంగా తోసిపుచ్చకూడదు. జిప్సం రాయిని సుమారు 150 డిగ్రీల వేడి మీద కాలిస్తే అందులోని నీటిలో నాలుగింట మూడు వంతులు పోయి ప్యారిస్ ప్లాస్టర్ అవుతుంది. దానికి నీళ్లు కలిపితే మళ్లీ జిప్సంగా గట్టిపడుతుంది. అంటే మూల పదార్థం విషం కాదు. అయితే లీటరు నీటిలో జిప్సం రెండు గ్రాములకు కాస్త అటూ ఇటూగా మాత్రమే కరుగుతుంది. ఆ లెక్కన నూరు కిలోల విగ్రహం పూర్తిగా కరగడానికి, కాగితం మీదనే చూసినా, 50,000 లీటర్ల నీళ్లు కావాలి. మన వీధికి వచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లయితే పది. పొలంలో చల్లేది మెత్తటి పొడి, మట్టిలో కలిసిపోతుంది. కాలువలో పడేది గోడలాంటి పెళ్ల, నెలల తరబడి అడుగున కూర్చొని ఉంటుంది. పైగా ఏ రైతూ జిప్సానికి రంగు వేసి చల్లడు.

అసలు ప్రమాదం ఆ రంగులోనే ఉంది. మెరుపు రంగుల్లో సీసం, క్రోమియం, కాడ్మియం వంటి లోహాలు ఉండవచ్చు. అవి నీటిలో పడితే కుళ్లి పోవు, అడుగు బురదలో చేరి అక్కడి నుంచి చేపల్లోకి, పైరులోకి దారి వెతుక్కుంటాయి. ఇళ్లకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. కానీ రోడ్డు పక్క షెడ్డులో విగ్రహానికి కొట్టే రంగు డబ్బా మీద ఏమి రాసి ఉందో చదివిన భక్తుణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

నియమాలు లేక ఇదంతా జరగడం లేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి విగ్రహ నిమజ్జనానికి 2010లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2020 మే నెలలో వాటిని సవరించి, ప్యారిస్ ప్లాస్టర్, థర్మాకోల్, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ లేకుండా సహజమైన మట్టితోనే విగ్రహాలు చేయాలని స్పష్టంగా చెప్పింది. అలంకరణకు వాడే థర్మాకోల్ మీద 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. అయినా మన మండపాల్లో థర్మాకోల్ కైలాసాలు లేచే ఉంటాయి. చవితికి ముందు రోజు ఎవరో ఒక కూడలిలో మట్టి ప్రతిమలు ఉచితంగా పంచుతారు, పత్రికలో ఫోటో పడుతుంది, అంతటితో అందరి మనస్సాక్షీ నిద్రపోతుంది. ఆ ప్రతిమలు పంచవద్దని నేను అనను. కానీ కాలువను నింపేది ఇంటి ప్రతిమ కాదు, వీధి విగ్రహం. వీధి విగ్రహాన్ని కొనేది భక్తి కూడా కాదు, చందా.

మూడేళ్ల కిందట మా వీధి కుర్రాళ్లు రసీదు పుస్తకంతో వచ్చినప్పుడు మొదటిసారి అడిగాను, విగ్రహం ఎంత ఎత్తని. వాళ్లలో పెద్దవాడు ఇచ్చిన సమాధానం ఇప్పటికీ చెవిలో ఉంది. "పక్క వీధోళ్లు పదహైదు అడుగులు పెడుతుండారు మామా, మనది పద్దెనిమిదన్నా ఉండల్ల గదా!" స్వామి ఏ రూపంలో ఉండాలన్న ఆలోచన ఆ మాటలో ఎక్కడా లేదు, పక్క వీధి మాత్రమే ఉంది. అప్పుడు వాళ్లకు నా షరతు చెప్పాను. మట్టి విగ్రహం, ఆరడుగులకు మించకుండా పెడితే 5,116 రూపాయలు ఇస్తాను. ప్యారిస్ ప్లాస్టర్ పెడితే 116 మాత్రమే ఇస్తాను. రెండింటికీ రసీదు రాయండి, నాకేమీ బాధ లేదన్నాను. ఆ ఏడాది వాళ్లు నూట పదహార్లే తీసుకున్నారు. మైకులో దాతల పేర్లు చదివినప్పుడు నా పేరు రాలేదు. మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు, పండుగ పూట వీధిలో పలుచన అయ్యామని ఆమె బాధ. ఆమె బాధలో న్యాయం లేకపోలేదు. చందా మన వీధుల్లో డబ్బు ఒక్కటే కాదు, చుట్టరికం కూడా.

మరుసటి ఏడాది నేను కొంచెం తెలివి తెచ్చుకొని, ఒక్కడినే బిగదీసుకు కూర్చోకుండా వరుసలో ఉన్న బట్టల అంగడి, కిరాణా, మందుల షాపు వాళ్లతో ముందే మాట్లాడాను. నలుగురం ఒకే మాట మీద నిలబడితే అది బెదిరింపు కాదు, బేరం అవుతుంది. కుర్రాళ్లు ఒప్పుకున్నారు. అప్పుడు తెలిసిన సంగతులు చాలా ఉన్నాయి. ప్యారిస్ ప్లాస్టర్ విగ్రహం అచ్చులో పోస్తే త్వరగా గట్టిపడుతుంది, లోపల బోలుగా ఉంటుంది కాబట్టి తేలిక, ధర తక్కువ. మట్టి విగ్రహానికి ముందు వెదురు, వరిగడ్డి చుట్టి కట్టాలి, ఒండ్రుమట్టిని పిసికి పొరలు పొరలుగా మెత్తాలి, ఒక పొర ఆరాకే మరో పొర వేయాలి, వాన ముసురు పడితే పని ఆగిపోతుంది. మాకు చేసిచ్చిన కుమ్మరి పెద్దాయన శ్రావణంలో వచ్చి అడిగితే ఎట్లా అని మమ్మల్ని మందలించాడు. ఆషాఢంలోనే చెప్పాలట. రంగుకు సుద్ద, జాజు, పసుపు వాడాడు.

ఐదో రోజు రాత్రి గాలివాన వచ్చి రేకుల సందుల్లోంచి నీళ్లు కారాయి. పొద్దున్నే చూస్తే స్వామివారి ఎడమ భుజం మీద అరచేయంత పెళ్ల ఊడి గడ్డి కనిపిస్తోంది. పక్క వీధివాళ్లు వచ్చి చూసి నవ్వారు. మా కుర్రాళ్ల ముఖాలు మాడిపోయాయి, ఇదంతా మామ వల్లేనన్నట్టు నా వైపు చూశారు. నేను కూడా లోపల కంగారుపడ్డాను. ఇదంతా నా మొండితనమేమో అనిపించింది. కుమ్మరి పెద్దాయనకు కబురు పెడితే తడిగుడ్డ, ఇంత మట్టి పట్టుకొని వచ్చి, అరగంటలో భుజం సర్ది, "మట్టి కదా, మళ్లీ అతుక్కుంటాది" అని వెళ్లిపోయాడు. తొమ్మిదో రోజు స్వామి కాలువలో దిగిన కాసేపటికే కరగడం మొదలైంది. వెదురు, గడ్డి మాత్రం తిరిగి ఒడ్డుకు లాగించాము, ఎందుకంటే మట్టి విగ్రహమైనా వందల సంఖ్యలో ఒకేచోట వదిలితే పూడిక పూడికే.

ఇలాంటి మాట ఎవరైనా ఎత్తగానే, మన పండుగలప్పుడే పర్యావరణం గుర్తుకొస్తుందా అని కొందరు కోపగించుకుంటారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది, కానీ మన సీమ పండుగలను చూస్తే దానికి ఆధారం దొరకదు. మాది ఆదోని వైపు పల్లె. జ్యేష్ఠ మాసంలో ఏరువాక పున్నమి తరువాత వచ్చే మట్టెద్దుల అమావాస్యకు మా అవ్వ నల్లరేగడి మట్టితో జత ఎద్దులు చేసి, కొమ్ములకు సుద్ద పూసి, జొన్నలు కళ్లుగా గుచ్చి, పూజ చేశాక వాటిని మిద్దె మీద పెట్టేది. తరువాతి వానలకు అవి కరిగి మిద్దె మట్టిలోనే కలిసిపోయేవి. ఒక ఏడాది కరిగిన చోట జొన్న మొలక వచ్చిందని అవ్వ మమ్మల్నందరినీ నిచ్చెన ఎక్కించి చూపించింది. మొహర్రానికి మన పల్లెల్లో హిందువులూ ముస్లిములూ కలిసి ఎత్తుకునే పీర్లను చూడండి. ఊరేగింపు అయ్యాక వాటిని కడిగి, గుడ్డ చుట్టి, పెట్టెలో భద్రం చేస్తారు, వచ్చే ఏడాది అవే పీర్లు లేస్తాయి. అహోబిలం పార్వేటలో స్వామి దాదాపు నలభై రోజులు పల్లకిలో ముప్పైకి పైగా ఊళ్లు తిరిగి మళ్లీ గుడికి చేరుతాడు, ఎక్కడా ఏదీ పారవేసి రాడు. ఊరేగించి తిరిగి తెచ్చుకోవడం, లేదా పిడికెడు మట్టి చేసి మట్టిలో కలపడం, ఈ రెండే మన పెద్దల పద్ధతులు. క్రేనుతో ఎత్తి కాలువలో పడేసే పద్ధతి మన అవ్వలకు తెలియదు. 2020లో కరోనా వల్ల వీధి మండపాలకు అనుమతి లేకపోతే అందరమూ ఇళ్లలోనే చిన్న ప్రతిమతో చవితి చేసుకున్నాము, స్వామి అలిగినట్టు ఎవరూ చెప్పలేదు.

పత్రి సంగతి కూడా ఒక మాట చెప్పాలి. ఇరవై ఒక్క ఆకుల పేరు మీద అంగట్లో అమ్మే కట్టలో ఇప్పుడు సగం ఏ చెట్టువో అమ్మేవాడికే తెలియదు. గరిక, ఉత్తరేణి, జిల్లేడు, ఉమ్మెత్త మన ఖాళీ స్థలాల్లోనే దొరుకుతాయి, పిల్లలను వెంటబెట్టుకొని నాలుగు ఆకులు గుర్తుపట్టి తెచ్చుకున్నా చాలు. అన్నదానానికి మోదుగాకు విస్తర్లు వేస్తే మరునాడు ఆవు తింటుంది. ఇక రాత్రి పది దాటాక డీజే పెట్టడం చట్టం కూడా ఒప్పదు. దాని గురించి ఎక్కువ రాస్తే నాకే రక్తపోటు పెరుగుతుంది.

ఈసారి మా ఆలోచన ఇంకొంచెం ముందుకు సాగింది. వీధి పేరు మీద రెండడుగుల ఇత్తడి ఉత్సవమూర్తిని చేయించి గుడిలో ఉంచాలని, ఏటా దాన్నే మండపానికి తెచ్చి ఊరేగించి తిరిగి గుడికి చేర్చాలని, నిమజ్జనానికి మాత్రం జానెడు మట్టి ప్రతిమ చాలని బట్టల అంగడి ఆయన అంటున్నాడు. కుర్రాళ్లలో సగం మంది ఒప్పుకున్నారు. మిగిలిన సగం మందికి ఇంకా ఎత్తు మీద మోజు పోలేదు, వాళ్లకు ఆరడుగుల మట్టి విగ్రహమే కావాలట. నాకు రెండూ సమ్మతమే. ఏదైనా సరే ఆషాఢం దాటకముందే కుమ్మరి పెద్దాయనకు బయానా ఇవ్వాలి. మా వీధివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు అంగడి కట్టేసే వేళకు రండి, కూర్చొని తేల్చుకుందాము. రసీదు పుస్తకం కూడా తెండి, 5,116 అప్పుడే రాస్తాను.